సంచి నిలవని హ్యాండిల్

తాళాల మేస్త్రికి ఒక అలవాటు ఉంది. ఏ తలుపుకు తాళం బిగించినా, పని ముగిశాక తన పనిముట్ల సంచి తీసి హ్యాండిల్‌కు తగిలిస్తాడు. సంచి బరువు పది కేజీలకు తక్కువుండదు. "కదిలిందా? కదలదు. నాదీ పూచీ!" అని మీసం మెలేస్తాడు. ఇరవై ఏళ్లుగా ఇదే తంతు. చూసిచూసి విసిగిన భార్య, "ఆ సంచికేదో గోడకు మేకు కొట్టుకోరాదూ" అని దెప్పుతుంది కూడా.

ఈసారి పని మానసిక వైద్యశాలలో. గదుల తలుపులకు తాళాలు పెట్టాలని కబురందగానే పరుగున వెళ్లాడు. అక్కడ మూడో గదిలో ఉన్నది అతని చెల్లెలు మరి. చేరి నెలైంది. మందులు పనిచేస్తున్నాయి, తింటోంది, మాట్లాడుతోంది. కంటికి కునుకు మాత్రం లేదు. లోపల గడియ లేని గదిలోకి ఎవరు తోసుకొస్తారోనని బెంగ.

"నన్ను ఇంటికి తీసుకెళ్లిపో అన్నయ్యా. అక్కడైతే తలుపేసుకుని పడుకుంటాను," అంది.

ఇప్పుడు వైద్యం ఆపితే మళ్లీ మొదటికొస్తుందన్నాడు డాక్టరు. ఆ భయంతోనే మేస్త్రి తన కొట్లోకెల్లా గట్టి తాళం తెచ్చి ముందుగా ఆమె గదికే బిగించాడు. సంచి తగిలించాడు. పెద్ద నర్సు మొహం పాలిపోయింది.

"తీసేయండి మేస్త్రిగారూ."

"అదేంటమ్మా? ఇసుమంతైనా కదల్లేదు చూడండి!"

"అదేగా నా భయం. ఈ సంచి నిలిచిన చోట చున్నీ కూడా నిలుస్తుంది. తన ప్రాణం మీద తనకే కోపమొచ్చిన మనిషి గదిలో అలాంటి హ్యాండిల్ ఉంటే ఏమవుతుందో నాచేత చెప్పించకండి. లోపల వాళ్లు గడియ వేసుకోవాలి. మాకు అవసరమైతే అది బయటినుంచి క్షణంలో తెరుచుకోవాలి."

మేస్త్రి సంచి దించాడు. ఆ హ్యాండిల్‌ను తన చేతులతోనే, సొంత చెల్లెలి తలుపుకే పెట్టాడు. అక్కడికక్కడే మరలు విప్పేశాడు.

వారం రోజులు దుకాణాలన్నీ గాలించాడు. తెచ్చిన ప్రతి తాళాన్నీ కొట్లో చెక్కకు బిగించి భార్య చున్నీ, బూటు లేసు వేసి చూశాడు. ఒకదాని మీద చున్నీ జారింది గానీ లేసు ఇరుక్కుంది. ఇంకోదాని మీద రెండూ జారాయి గానీ తిప్పబోతే చెయ్యి కూడా జారింది.

"ఇన్నాళ్లూ నిలబెట్టడానికి తంటాలు, ఇప్పుడు జార్చడానికి తంటాలు," అని భార్య నవ్వింది. నవ్వుతూనే లేసు పట్టుకుని పక్కన కూర్చుంది.

చివరికి దొరికింది. కిందికి ఏటవాలుగా దిగే హ్యాండిల్, లోపల బొటనవేలితో తిప్పే గడియ, బయట సిబ్బందికో తాళంచెవి. లోపల ఏదైనా అడ్డం పెట్టినా తలుపు బయటికి తెరుచుకునేలా బందులు కూడా మార్చాడు. పెద్ద నర్సు తన చున్నీతోనే నాలుగుసార్లు పరీక్షించి తల ఊపింది. మేస్త్రికి అంత సంతోషం తన పెళ్లినాడు కూడా కలగలేదు.

మర్నాడు పొద్దున్నే పళ్లు పట్టుకుని వెళ్లి, పాత అలవాటు కొద్దీ తట్టకుండానే చెల్లెలి తలుపు లాగాడు. రాలేదు. తట్టాడు.

"ఎవరూ?" నిద్రమత్తు గొంతు.

"నేనే అమ్మలూ."

"పడుకున్నా అన్నయ్యా. తర్వాత రా."

మిగతా గదుల పనికని నర్సు ఇచ్చిన సిబ్బంది తాళంచెవి జేబులోనే ఉంది. దాని జోలికి పోలేదు. కళ్లు తుడుచుకుని, వరండా బల్ల మీద తీరిగ్గా కూర్చుని, చెల్లెలికి తెచ్చిన కమలాపండు తనే ఒలుచుకుని తినేశాడు.