బావి నీళ్లు రుచి చూసే మేడం

నేను రిటైరయ్యే ముందు పనిచేసిన మా యూనివర్సిటీ చెట్ల తోటను ఒక మేడం చూసుకునేవారు. గణపవరం వైపున్న ఆ తోటను ఆనుకొని రొయ్యల చెరువులు తవ్వారు. వాటి ఉప్పు ఊట దిగి చెట్లు ఒక్కొక్కటే ఎండిపోతుంటే, ఆవిడ రోజూ పొద్దున్నే తోట బావి నీళ్లు నాలుక మీద వేసుకొని చూసేవారు.

ఒకరోజు చెరువు రైతును పిలిచి, “ఏవండీ, నాగలింగం చెట్టు ఇదొక్కటే మిగిలిందండీ” అన్నారు.

“ఊట నా మాట వింటుందాండీ మేడంగారూ? చెట్టు చస్తే కట్టెలు మీకేగా!” అని అతను నవ్వుతూ వెళ్లిపోయాడు.

మేడం బావి నీళ్ల మగ్గు నాకిచ్చి, “ఇవాళ ఉప్పు తగ్గినట్టుందండీ, మీరూ చూడండి” అన్నారు.

చూశాను. ఏమీ తగ్గలేదు. నా ముఖం చూసి ఆవిడ మగ్గు వెనక్కి తీసుకున్నారు. మగ్గులో మిగిలిన నీళ్లు అలవాటుగా చెట్టు మొదట్లో పోయబోయి ఆగారు. ఎక్కడ పారబోయాలో తెలియక అలాగే నిలబడిపోయారు.