రాజలింగం బాగుచేసి చెడగొట్టిన ఏసీ

ఏసీ మెకానిక్ రాజలింగం గురించి మూడు మాటలు ప్రచారంలో ఉన్నాయి. ఒక రష్యన్ సంగీతకర్తకు అతను బాణీ నేర్పాడని అతనుండే లేబర్ క్యాంపులో అంటారు. ఆ సంగీతకర్త పియానో మీద రాజలింగం రెంచి పడేశాడని అతని కంపెనీ ఆఫీసులో అంటారు. జగిత్యాల దగ్గర సొంతూళ్లోనైతే, దుబాయ్‌లో అతని కచేరీలు జరుగుతున్నాయని అంటారు. విచారిస్తే దేనికీ ఆధారం దొరకలేదు. పనిచీటీ, ఫోర్‌మన్ ప్రమోద్ చెప్పినది, రాజలింగం చెప్పినది ఒకదానితో ఒకటి పొసగుతున్నాయి గనుక వాటినే నమ్ముతున్నాను.

ఆ సంగీతకర్త ఆర్కాదీ ల్వోవిచ్ వోల్గా నదీతీరపు పట్టణంలో పుట్టాడు. పియానో విద్వాంసుడు. రెండు బాలే నృత్యాలకు సంగీతం కూర్చి, 2022లో దుబాయ్ చేరాడు. దేశాల పేర్లతో భవన సముదాయాలున్న ఇంటర్నేషనల్ సిటీలో రష్యా క్లస్టర్ అన్న పేరు చూసి ఫ్లాట్ తీసుకున్నాడు. ఆ భవనంలో రష్యన్ ఆయనొక్కడే.

మరుసటి ఏడాది మేలో రాజలింగం అక్కడికి ఏటా చేసే సర్వీసుకు వెళ్లాడు. బాల్కనీలో అవుట్‌డోర్ యూనిట్ గురక పెడుతోంది. దాని కింద అరిగిన రబ్బరు ప్యాడ్ తీసి, కొత్తది వేసి, నట్లు బిగించాడు. శబ్దం ఆగింది. మర్నాడు ఫిర్యాదు వచ్చింది: ఏసీ పాడుచేశారని. ఆ ఏడాది అతని మీద అప్పటికే రెండు ఫిర్యాదులున్నాయి. మూడోది నిలిస్తే వీసా రెన్యువల్ కాదు.

ప్రమోద్‌ను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఆర్కాదీ పియానో ముందు కూర్చుని, ఎడమచేయి ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తో కొంత వాయించి ఆపాడు. తర్వాత ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు.

"ఏమంటుండు సార్?" అన్నాడు రాజలింగం.

"పదకొండు నెలలు ఆ గురక విని, దానిమీదే సంగీతం కట్టాడంట. ఎడమచేతి పని ఏసీదేనంట. గురువారం ఈ గదిలోనే రికార్డింగు. నువ్వేమో దాని పీక నొక్కేశావు."

"సప్పుడు జేస్తె కంప్లైంటు, సప్పుడు బంద్ జేస్తె గూడ కంప్లైంటేనా? గిదేం కిరికిరి సార్."

"ముందా గురక తెప్పించవయ్యా. లేకపోతే నీ పని ఖలాస్."

లోపల ఆర్కాదీ, గురక శ్రుతి ఇదేనన్నట్టు, పియానో మీద ఒక మంద్రస్వరం మీట నొక్కిపట్టాడు. బయట నలభై రెండు డిగ్రీల్లో రాజలింగం నట్లు వదులు చేశాడు. గలగల వచ్చింది గాని గురక రాలేదు. అప్పుడతను స్క్రూడ్రైవర్ మొన కంప్రెసర్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. పదహారేళ్లుగా రోగం కనిపెట్టడానికి అతను వాడే పద్ధతి అది. ఆరోగ్యంలో లోపం వెతకడానికి వాడటం అదే మొదటిసారి. కొత్త ప్యాడ్ ఉన్న మూల అదరడం లేదని తేలింది. పాత సామాను ఆఫీసులో అప్పగించాలన్నది కంపెనీ నిబంధన; అప్పగించడానికి ఇంకా వీలుపడక అరిగిన ప్యాడ్ సంచీలోనే ఉంది. దాన్నే తిరిగి వేసి నట్లు బిగించాడు. ఆర్కాదీ మీట వదిలేశాడు. స్వరం ఆగలేదు; ఏసీ అందుకుంది.

"గిదేనా అడుగుండ్రి సార్."

"అడగక్కర్లేదు. కళ్లు తుడుచుకుంటున్నాడు."

పనిచీటీలో చేసిన పని ఏమిటో రాయాల్సిన చోట ప్రమోద్ చాలాసేపు ఆలోచించి, 'యథాస్థితి' అని రాశాడు. ఆర్కాదీ సంతకం చేసి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. రికార్డింగు అయ్యాక మాత్రం తప్పక బాగుచేయమన్నాడు; ఆ గురకతో ఆయనకు పదకొండు నెలలుగా నిద్ర లేదట.

రాజలింగానికి సంగీతం తెలియదు. ఆ రికార్డింగు ఇప్పటికీ వినలేదు. తాను తీసిన ప్యాడ్‌ను తిరిగి వేశాడు, శుక్రవారం వెళ్లి మళ్లీ తీశాడు. రెండు పనులూ సరిగ్గా చేశాడు. వీసా రెన్యువల్ అయింది.