తొమ్మిదో అంతస్తు అద్దె

ఆ ఊళ్లో లిఫ్ట్ ఉన్న ప్రతి మేడలోనూ ఆయన్ని ఎరుగుదురు. పేరు మాత్రం ఎవరికీ అవసరం పడలేదు. "లిఫ్టాయన్ని పిలవండి" అంటే చాలు, సంచి భుజాన వేసుకుని వచ్చేస్తాడు. మధ్యలో ఇరుక్కుపోయిన వాళ్లతో తలుపు బయటి నుంచే కబుర్లు మొదలుపెడతాడు. పొద్దున ఏం తిన్నారు, పిల్లలేం చదువుతున్నారు అని అడుగుతుండగానే తలుపు తెరుచుకుంటుంది. లోపలున్న మనిషికి భయపడే తీరిక కూడా దొరకదు.

ఇంతమందికి ధైర్యం చెప్పిన మనిషి భార్య మాత్రం జన్మలో లిఫ్ట్ ఎక్కలేదు. ఆ పాపం ఆయనదే. పెళ్లయిన కొత్తలో ఆవిడ ముందు గొప్పకు పోయి, ఏ మేడలో తాడు ఎలా అరిగిపోయిందో, ఎక్కడ బ్రేకు పట్టలేదో రోజూ భోజనం దగ్గర పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆవిడ కళ్లు ఇంతలేసి చేసుకుని వినేది. మొగుడి గొప్పతనం ఆవిడకు ఎంతవరకు ఎక్కిందో గానీ, లిఫ్టంటే భయం మాత్రం బాగా ఎక్కింది. ఆవిడ ఇంట్లోనే కర్టెన్లు కుట్టేది. పై అంతస్తు కిటికీలు కొలవాల్సి వస్తే ఎంత ఎత్తయినా మెట్లెక్కే వెళ్లేది.

అలాంటి ఇంటికి నగరం నుంచి ఫోన్ వచ్చింది. పెద్ద కంపెనీ, ఇప్పటిదానికి రెట్టింపు జీతం. ఇక్కడి యజమాని ఏటా "చూద్దాం" అనే మాటనే జీతం పెంపు కింద ఇస్తూ వస్తున్నాడు. కూతురు వచ్చే ఏడాది కాలేజీలో చేరాలి. కాబట్టి ఎగిరి గంతేయాల్సిన కబురే. కాకపోతే ఆ నగరంలో అద్దెలు వింటే గంతేసిన కాలు గాల్లోనే ఆగిపోతుంది. జీతంలో సగం ఇంటివాళ్లకు పోసినా, దొరికేది అగ్గిపెట్టెంత ఇల్లు, అదీ ఎక్కడో పైన.

"ఒకరోజు వచ్చి మా పని చూసి వెళ్లండి" అన్నారు కంపెనీ వాళ్లు. వెళ్లాడు. కళ్లజోడు పెట్టుకున్న ఇంజినీరమ్మాయి ఒకామె లిఫ్ట్ పక్కనున్న పెట్టె తెరిచి దానికి కంప్యూటర్ తగిలించింది. తెర మీద అక్షరాలు గబగబా పరుగెత్తాయి. "ఇదిగోండి, తేడా ఇక్కడుంది" అంది. ఆయన తొంగి చూశాడు. లోపల కదిలేది లేదు, టక్కుమనేది లేదు, వేలితో తడిమి తెలుసుకునేది అసలే లేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు. "మూడు నెలలు మేమే నేర్పిస్తామండీ, కంగారు పడకండి" అంది ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే ఆయన గుండె జారిపోయింది. ఈ వయసులో కూతురంత పిల్ల పక్కన నిలబడి ఓనమాలు దిద్దాలా అనిపించింది.

ఇంటికొచ్చాక ఈ ముక్క ఒక్కటీ చెప్పలేదు.

"ఎలా ఉందండీ?" అని భార్య అడిగితే, "బ్రహ్మాండంగా ఉంది. కానీ నువ్వు లిఫ్ట్ ఎక్కవు కదా, అదే ఆలోచిస్తున్నా" అన్నాడు. ఆ మాట అనగానే ప్రాణానికి ఎంత హాయిగా ఉందో! ఇక దాన్ని వదల్లేదు. పక్కింటాయన అడిగినా, యజమాని అడిగినా, టీ కొట్టు దగ్గర ఎవరడిగినా అదే పాట. "నాకేం, రేపే వెళ్లిపోతా. మా ఆవిడే, పాపం..." అని నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పులో మంచి భర్తనన్న గర్వం కూడా కాస్త కలిసేది. బావమరిది అయితే పడీ పడీ నవ్వాడు. "బావకి ఉద్యోగం లిఫ్టులో, అక్కకి కాపురం మెట్ల మీద!" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో ఈయన పట్టించుకోలేదు.

అలా అని మనిషి స్థిమితంగా ఉన్నాడా అంటే, అదీ లేదు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేవాడు. బాగున్న కుళాయి విప్పి మళ్లీ బిగించేవాడు. అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకోకుండా కూర్చునేవాడు. వెళ్తే పరువు పోతుందేమో, వెళ్లకపోతే బతుకంతా ఈ "చూద్దాం" కిందే తెల్లారిపోతుందేమో. సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పమని కంపెనీ వాళ్లు రెండోసారి ఫోన్ చేశారు.

అప్పుడు భార్య, మిషన్ మీద నుంచి తల ఎత్తకుండానే, "ఆదివారం వెళ్లి ఇల్లు చూసొద్దాం" అంది.

"నువ్వు లిఫ్ట్..."

"నేను ఎక్కుతానో ఎక్కనో తర్వాత సంగతి. ముందు ఇల్లు చూద్దాం."

కూతుర్ని బావమరిది ఇంట్లో దింపి పొద్దున్నే బస్సెక్కారు. నగరంలో వాళ్లు చూసిన మొదటి ఇంట్లో మంచం మీద పడుకుంటే కాళ్లు వంటింట్లో ఉంటాయి. రెండోదానికి కిటికీ ఉంది కానీ తెరిస్తే ఎదురింటి గోడ ముక్కుకి తగులుతుంది. మూడోదాని అద్దె విన్నాక లోపలికి కూడా వెళ్లలేదు. ఒక్కో ఇల్లూ చూసేకొద్దీ ఈయన గుండెల మీంచి బరువు దిగుతోంది. ఇల్లే దొరక్కపోతే పీడా పోతుంది, ఎవరి తప్పూ ఉండదు.

నాలుగోది దొరికింది. పాత మేడలో తొమ్మిదో అంతస్తు. రెండు గదులు, విడిగా వంటిల్లు, అద్దె వాళ్లకు అందేదే. ఇంత చవకెందుకని అడిగితే వాచ్‌మన్ వేలితో చూపించాడు. లిఫ్టుకి అడ్డంగా కుర్చీ వేసి ఉంది. ఏడాదిగా పనిచేయడం లేదట. కొత్తది పెట్టించుకోవాలని రిపేరువాళ్లు చెప్పి పోయారట.

"మనకైతే బాగుందిలెండి. పనిచేసినా నేను ఎక్కను కదా, దానికి అద్దె ఎందుకు కట్టడం?" అంటూ భార్య చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఆవిడ మొహంలో ఇంత ఉత్సాహం ఈమధ్య చూడలేదు.

"నువ్వు పద, వస్తున్నా" అన్నాడు ఈయన, కుర్చీ వైపు చూస్తూ.

చేతులు ఊరుకుంటేనా? మోటారు గది తాళం అడిగితే, బాగయితే తనకూ మెట్ల బాధ తప్పుతుందని వాచ్‌మన్ సంతోషంగా ఇచ్చాడు. ఈయన వెనక మెట్లమీదుగా పైకి పోయి తాళ్లు చూశాడు, బ్రేకు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. అన్నీ పాతకాలం సరుకు, ఆయన చేతుల్లో పెరిగిన సరుకు. ఒక్కో అంతస్తులో తలుపు తాళం తడుముకుంటూ కిందికి దిగాడు. అన్నిటికన్నా కింద, ఎవరో సామాను గుద్దినట్టున్నారు, తలుపు తాళంలో రెండు రేకులు ఒకదానికొకటి అందడం లేదు. తలుపు మూసినా, మూసినట్టు లిఫ్టుకి తెలియడం లేదు. అంతే జబ్బు. జేబులోని గరుకు కాగితంతో తుప్పు గీకి, రేకు సరిగ్గా వంచి, తలుపు మూశాడు. పైన మోటారు మూలిగింది. ఆ మూలుగుకి ఆయన ఒళ్లు పులకరించింది.

తొమ్మిదో అంతస్తులో ఆ ఇంటి యజమానురాలు, పక్క ఇంట్లోనే ఉంటుంది, గదులు చూపిస్తోంది. భార్య కిటికీని జానలతో కొలుస్తోంది. వెలుతురు గదినిండా పడుతోంది. అప్పుడు లిఫ్ట్ తలుపు తెరుచుకుని, ఈయన పెళ్లికొడుకులా బయటికొచ్చాడు.

"బాగైపోయింది!"

ఇంటావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. మోకాళ్ల నొప్పులతో ఏడాదిగా కింద కాలు పెట్టలేదట. లిఫ్ట్ తలుపుని చేత్తో నిమిరింది, ఆయన్ని వెయ్యేళ్లు బతకమంది. తర్వాత చెంగుతో కళ్లు తుడుచుకుని అద్దె పెంచేసింది.

"ఏమనుకోకు బాబూ. లిఫ్టున్న తొమ్మిదో అంతస్తుకీ, లేని తొమ్మిదో అంతస్తుకీ ఒకటే అద్దెంటే నలుగురూ నవ్వుతారు."

ఆవిడ చెప్పినంత కడితే వచ్చే జీతం వచ్చినట్టే పోతుంది. భార్య చెయ్యి కిటికీ మీదే ఆగిపోయింది. గిరుక్కున తిరిగి మెట్ల వైపు నడిచింది. ఈయన కూడా లిఫ్ట్ వదిలి ఆవిడ వెనకే దిగాడు. రెండంతస్తులు దిగాక ఆవిడ ఆగింది.

"ఎందుకు ముట్టుకున్నారు దాన్ని?"

"చేతులు ఊరుకోలేదే."

"ఇంకో గంట ఆగి ఉంటే బయల్దేరేవాళ్లం. ఇల్లు కుదిరిపోయేది. ఇవాళే ఊరుకోలేకపోయారా?"

గోడకు ఆనుకున్నాడు. చివరికి కక్కేశాడు.

"తలుపు తీయగానే అన్నీ నాకు తెలిసినవే కనిపించాయి. నేనింకా పనికొస్తానని అనిపించింది. ఆ కంపెనీలో ఒక్కటీ తెలియలేదు నాకు. పెట్టె తీసి చూపిస్తే బొమ్మలా నిలబడ్డాను. నేర్పిస్తామన్నారు. రాకపోతే? అందరి ముందూ రాకపోతే? నువ్వు లిఫ్ట్ ఎక్కవన్నది... అదసలు కారణం కాదు."

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది.

"అంటే ఇన్నాళ్లూ మీ భయం నా నెత్తిన పెట్టి ఊరంతా తిప్పారన్నమాట. మా తమ్ముడు నవ్వాడు, పోనీలే అనుకున్నా. మొన్న అమ్మాయి అడిగింది, 'నీ వల్లేనా అమ్మా, నాన్న వెళ్లట్లేదు?' అని. గిన్నెలు తోముకుంటూ నిలబడ్డాను. అందుకే వచ్చాను ఇవాళ. ఎన్ని మెట్లయినా ఎక్కి తీరాలని వచ్చాను."

అని వెనక్కి తిరిగి మళ్లీ పైకెక్కడం మొదలుపెట్టింది. ఆయన అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. పైనుంచి ఆవిడ గొంతు వినబడుతోంది. కర్టెన్ బట్ట బేరమాడేటప్పటి గొంతు.

"రేపు మళ్లీ ఆగిపోతే ఎవరొస్తారండీ? కొత్తది కొనమన్నవాళ్లే కదా వచ్చేది? ఈయన పక్కింట్లో ఉంటే పిలిస్తే పలుకుతాడు. పాత అద్దెకే ఇవ్వండి, లిఫ్ట్ బాధ్యత మాది. కావాలంటే కాగితం మీద రాసుకుందాం."

ఆవిడ తిరిగొచ్చేసరికి మొహం చెమటతో తడిసి ఉంది.

"ఒప్పుకుంది. పాత అద్దే. ఇక ఇల్లు అడ్డం కాదు, నేను అడ్డం కాదు. వద్దంటే వద్దు, నేనొక్క మాటా అనను. కానీ ఎందుకు వద్దో అమ్మాయికి మీరే చెప్పాలి."

"భయమేస్తోందే" అన్నాడు.

"నాకూ వేస్తోంది. ఈ ఊళ్లో నాచేత కర్టెన్లు కుట్టించుకునేవాళ్లు ఎవరున్నారు? ఈ మెట్లు రోజూ ఎక్కగలనో లేదో కూడా తెలియదు. అయినా అమ్మాయి ముందు మిమ్మల్ని నెపం చేశానా?"

ఆయన ఫోన్ తీశాడు. సోమవారం దాకా ఆగలేదు, కంపెనీకీ చేయలేదు. కూతురికి చేశాడు.

"అమ్మ వల్ల కాదమ్మా. నాకే భయమేసింది. కొత్త పని రాదేమోనని. అది చెప్పుకోలేక అమ్మ పేరు చెప్పాను."

అవతల కూతురు ఒక్కటే అడిగింది.

"మరి ఇప్పుడు? వెళ్తున్నామా నాన్నా?"

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ సాయం చేయలేదు, తలయినా ఊపలేదు. ఆ జవాబు ఆయనే చెప్పాలని మొహం తిప్పుకుని నిలబడింది.

"వెళ్తున్నాం" అన్నాడు. గొంతు వణికింది. దాన్ని దగ్గుతో కప్పిపుచ్చబోయి, మానేశాడు.