ఇంతమంది మేనకోడళ్లు

అత్తయ్య పోయిందని పేపర్లో చూశాను. ఒంగోల్లో నేను పనిచేసే పొగాకు కంపెనీ ఆఫీసులో పేపరు అందరి చేతులూ తిరిగి చివరికి నా బల్ల మీదకి వస్తుంది. లోపలి పేజీలో ఓ మూల, నల్ల గీతల మధ్య ఆవిడ ఫోటో. ఫోటో అంటేనే ఆవిడకి ఒళ్లుమంట. దాని కింద ‘ఎందరో అభాగినులకు ఆశ్రయమిచ్చిన కరుణామయి’ అని రాయించి, ఇంకా కింద సహాయ సంఘం కార్యదర్శి, కార్యవర్గం అని తమ పేర్లు వేయించుకున్నారు. బతికున్నన్నాళ్లూ ఆవిడ మాట ఒక్కటి విన్న పాపాన పోలేదు వీళ్లు.

సెలవు అడిగితే మేనేజరుగారు కళ్లజోడు పైనుంచి చూశాడు.

“మేనత్తా? సొంత మేనత్తేనా అమ్మా?”

“సొంతమేనండి” అన్నాను. అబద్ధం ఆడినట్టు నాకేమీ అనిపించలేదు.

చదివేవాళ్లకి కాస్త వివరం చెప్పాలి. గుంటూరు బ్రాడీపేటలో ఒక చర్చి వెనక మూడు గదుల పెంకుటిల్లు ఉండేది. దెబ్బలు తిన్నవాళ్లూ, చెరచబడ్డవాళ్లూ, పల్నాడు కక్షల్లో మొగుణ్ణి పోగొట్టుకుని సాక్ష్యం చెప్పాల్సిన వాళ్లూ, కేసు తేలేదాకా ఆ ఇంట్లో తలదాచుకునేవారు. ఇల్లు సహాయ సంఘానిది. నడిపింది మాత్రం అత్తయ్య. మిషన్ బడిలో పంతులమ్మగా చేసి రిటైరైంది, పెళ్లి చేసుకోలేదు. నేను ఆ ఇంటికి ఎలా వచ్చానో ఇక్కడ రాయను. రాస్తే పైనుంచి కూడా నన్ను తిడుతుంది.

వచ్చిన మనిషిని ఆవిడ పేరు అడిగేది కాదు. “అన్నం తిన్నావా?” అనేది. తిన్నాక, కంచం కడిగి బోర్లించాక, పక్కన కూర్చుని చెప్పేది. “ఇదిగో, బయట ఎవరడిగినా నువ్వు నా మేనకోడలివి. ఏ అన్న కూతురివంటే పెద్దన్న కూతుర్నని చెప్పు.” ఆవిడకి అసలు అన్నలే లేరు. పెద్దన్నా లేడు, చిన్నన్నా లేడు. అలా ఆ లేని అన్నకి ఏడాది పొడుగునా కూతుళ్లు పుడుతూనే ఉండేవారు. పాలుపోసే సాంబయ్య ఓ రోజు అడగనే అడిగాడు.

“ఏంటండీ టీచరమ్మగారూ, మీ అన్నయ్యగారికి అందరూ ఆడపిల్లలేనా?”

“ఏం చేస్తాం సాంబయ్యా, దేవుడిచ్చాడు. నువ్వు పాలల్లో నీళ్లు తగ్గించు, పెరగాల్సిన పిల్లలు.”

ఆవిడ పద్ధతి ఆవిడది. ఆస్పత్రికి తీసుకెళితే డాక్టరమ్మకి దెబ్బ సంగతి చెప్పేది, కొట్టిందెవరో చెప్పేది కాదు. వకీలు గారికి అన్నీ చెప్పేది గానీ ఆయన గుమస్తాని వీధిలోకి పంపాకే నోరు విప్పేది. వంటావిడకి మాత్రం ఫలానా పిల్ల కారం తినలేదని చెప్పేది. “ఎవరికి ఎంత కావాలో అంతే వడ్డించాలే. ఎక్కువైతే విస్తట్లోంచి కిందపడి కుక్కల పాలవుతుంది” అనేది. ఆ ఇంట్లో ఒకరి కథ ఇంకొకరికి తెలియదు. అడుగుదామని నోరు తెరిస్తే చింతపండు పిసకమనో, బియ్యంలో రాళ్లు ఏరమనో ఓ పని పురమాయించేది.

ఇల్లు వదిలి వెళ్లేవాళ్లకి ఆఖరున ఒకటే మాట. “బజార్లో కనిపిస్తే నేను పలకరించను. కోపం తెచ్చుకోకు. నీ అంతట నువ్వు పలకరిస్తేనే నాకు నువ్వు తెలుసు.” అన్న మాట నిలబెట్టుకుంది కూడా. కూరగాయల బజార్లో, బస్టాండులో, ఒకప్పుడు తన చేత్తో తల దువ్విన మనిషి ఎదురొచ్చినా చూపు తిప్పుకుని వెళ్లిపోయేది. టీచరమ్మకి పొగరని పేటలో పేరు. ఆ పేరు ఆవిడ చివరిదాకా మోసింది, ఒక్కరికీ జవాబు చెప్పలేదు.

ఇప్పుడు మైకు సంగతి చెప్పాలి. తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

సత్తెనపల్లి వైపునుంచి ఒక పిల్ల వచ్చింది. పత్తి తీతకి వెళ్లినచోట ఆసామి కొడుకు దాన్ని పాడు చేశాడు. కేసు కోర్టుకెక్కింది. మంగళవారం నాడు ఆ పిల్ల బోనెక్కి వాణ్ని చూపించి చెప్పాలి. ఆ పిల్ల చెబితే కేసు నిలుస్తుంది, చెప్పకపోతే లేదు. ఊళ్లో దాని వాళ్లకి కూడా అది ఎక్కడుందో తెలియదు. అత్తయ్య రోజూ సాయంత్రం వసారాలో కుర్చీ వేసుకుని అవతలి పక్షం వకీలులా ప్రశ్నలు వేసేది. దాని సంగతి నా చెవిన పడింది అలాగే. “ఆ వేళప్పుడు చేలో ఇంకెవరూ లేరా? మరి నువ్వెందుకు ఉన్నావు?” మొదట్లో ఆ పిల్ల కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. నెల తిరిగేసరికి తల ఎత్తి, “కూలికి వెళ్లానండి, పత్తి తూకం వెయ్యాలని నన్ను ఆపాడండి” అని గట్టిగా చెప్పేది. చెప్పిన రోజున అత్తయ్య లేచి వెళ్లి దానికి ఇష్టమని బెల్లం పరమాన్నం వండింది.

ఆదివారం చర్చికి వెళ్లాం. ఆరాధన మధ్యలో ప్రార్థన మనవులు చదవడం మా దగ్గర ఆనవాయితీ. జబ్బున పడ్డవాళ్లూ, పరీక్షలు రాసేవాళ్లూ, పెళ్లి కుదరాల్సినవాళ్లూ పేర్లిస్తారు. పాస్టరుగారు పేరు పేరునా ప్రార్థిస్తారు. పేరు చెప్పకపోతే ఆ ప్రార్థన ఎవరికి చేరుతుందోనని మనవాళ్ల భయం. గోపురానికి కట్టిన మైకు రోడ్డు వైపుకి ఉంటుంది. రోడ్డుకి అవతల టీ కొట్టు. సోమవారం మార్కెట్ యార్డులో అమ్మడానికి మిరపకాయల బస్తాలు తెచ్చిన ఊళ్లవాళ్లు ఆదివారమంతా అక్కడే బండ్లు ఆపుకుని కూర్చుంటారు.

అందరం కళ్లు మూసుకున్నాం. పాస్టరుగారు ప్రార్థిస్తున్నారు. “ప్రభువా, మా హోములో ఆశ్రయం పొందుతున్న, మంగళవారం కోర్టులో సాక్ష్యమివ్వబోతున్న నీ కుమార్తె...” అని పేరు చెప్పారు. ఊరు చెప్పారు. నేను చెప్పను.

కళ్లు తెరిచి చూస్తే అత్తయ్య అప్పటికే లేచి నిలబడి ఉంది. “ఆమేన్” అని అరిచింది. జీవితంలో ఆవిడ గొంతు అంత పెద్దగా వినలేదు. అలవాటు కొద్దీ చర్చంతా ఆమేన్ అంది. ప్రార్థన అక్కడితో ఆగింది. కానీ మాట అప్పటికే రోడ్డు దాటింది.

సోమవారం సాయంత్రం ఒక జీపు వచ్చింది. ఆసామి మనుషులు ముందు సీట్లో ఆ పిల్ల తండ్రిని కూర్చోబెట్టుకొచ్చారు. ఆయన గేటు పట్టుకుని, “ఇంటికి రామ్మా. నువ్వు రాకపోతే మీ తమ్ముణ్ని బతకనివ్వరంట” అని ఏడ్చాడు. అత్తయ్య గేటుకి అడ్డంగా నిలబడింది. ఆ పిల్లే ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కకి జరిపి జీపెక్కింది. మంగళవారం కోర్టులో అడిగితే, “ఎవరో నాకు తెలియదండి” అందట. కేసు కొట్టేశారు. ఆ తర్వాత ఆ పిల్ల ఏమైందో తెలియలేదు.

మనవి అందించింది కార్యదర్శిగారు. కాలేజీలో పాఠాలు చెప్పిన పెద్దమనిషి. మంచి ఉద్దేశంతోనే చేశానన్నాడు. ఆ వారం కార్యవర్గం కూర్చున్నప్పుడు నేను మజ్జిగ గ్లాసులు అందిస్తూ అక్కడే ఉన్నాను.

“ప్రార్థన చెయ్యడం కూడా తప్పేనా టీచరుగారూ?” అన్నాడాయన.

“దేవుడికి ఆ పిల్ల పేరు తెలుసండీ, ఊరూ తెలుసు. మీరు చెప్పింది తెలియనివాళ్లకి.”

ఒకాయన, ఇకమీదట ప్రార్థనల్లో ఇంటిపేర్లు చదవకూడదని తీర్మానం చేద్దామన్నాడు. చేశారు. ఇంటిపేరట! అత్తయ్య నవ్వింది. ఆ నవ్వు చూసి నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

అప్పట్నుంచి ఆవిడ వాళ్లకి ఒక్క పేరు చెప్పలేదు. వాళ్లకేమో దాతలకి పంపడానికి ఆడవాళ్ల కథలు కావాలి, ఫోటోలు కావాలి. “ముఖం కనబడకపోతే పరాయిదేశం వాళ్లు ఎలా నమ్ముతారండీ?” అని కార్యదర్శిగారు ఓసారి ఫోటోగ్రాఫర్ని వెంటబెట్టుకొచ్చాడు. అత్తయ్య అతనికి మర్యాద చేసి, టీ ఇచ్చి, పెరట్లో కడిగి బోర్లించిన కంచాల వరస చూపించింది. “వీటిని తియ్యి బాబూ. ఇంతమంది తిన్నారని రాసుకోమను” అంది. అతను నిజంగానే తీశాడు. నాకు తెలిసి ఆ ఇంట్లో తీసిన మంచి ఫోటో అదొక్కటే.

ఆ తర్వాత ఎక్కువకాలం ఉండనివ్వలేదు. వయసు మీదపడిందని శాలువా కప్పి పంపేశారు. కొత్తగా వచ్చినావిడ గేటు దగ్గరే పేరు, ఊరు, జరిగింది అడుగుతుందని విన్నాను. అత్తయ్య పాత గుంటూరులో అద్దె గదిలో ఉండేది. వెళ్లినప్పుడల్లా, “అన్నం తిన్నావా?” అనే అడిగేది. ఆ పిల్ల ప్రసక్తి ఒక్కసారే తెచ్చింది. యార్డు వైపు నడుస్తూ, నీడన కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్న ఆడవాళ్లని చూసి, “వీళ్లలో ఉన్నా నేను పలకరించకూడదు కదే” అంది. ఆవిడ పెట్టుకున్న నియమం ఆవిడనే అంతగా కోస్తుందని అప్పుడు తెలిసింది.

పేపర్లో చూసిన మర్నాడు, అంత్యక్రియలకి చర్చి నిండింది. కార్యదర్శిగారు అరగంట మాట్లాడాడు. చివర్లో మైకు పట్టుకుని, “ఈ తల్లి వల్ల మేలు పొందిన సోదరీమణులు లేచి రెండు మాటలు సాక్ష్యం చెప్పాలి” అన్నాడు. ఎవరూ లేవలేదు. ఆయన మళ్లీ అడిగాడు. నా ముందు వరసలో ఒకావిడ ఒళ్లో చేతులు బిగించుకుని నేల చూస్తోంది. కిటికీ పక్కన ఇంకొకావిడ కొంగు ముఖం మీదకి లాక్కుంది. “చూశారా, ఎంత చేసినా లోకానికి విశ్వాసం ఉండదు” అని నా వెనక ఎవరో గొణిగారు. నేనూ లేవలేదు.

సమాధుల తోటలో పెట్టె దించాక పాస్టరుగారు, “బంధువులు ముందు మట్టి వేయండి” అన్నారు. అనేసి, ఆవిడకి ఎవరూ లేరని గుర్తొచ్చి కార్యదర్శిగారి వైపు చూశారు. ఆయన పంచె ఎగ్గట్టి వంగబోయాడు. ఈలోగా జనం చివర్నుంచి ఒక పొడుగాటి ఆవిడ తోసుకుంటూ వచ్చి పిడికెడు మట్టి తీసింది.

“ఆగమ్మా, ముందు బంధువులు” అన్నాడాయన.

“నేను మేనకోడల్నండి.”

ఆవిడ వెనక ఇంకొకావిడ. “మీరూ?” “మేనకోడల్నేనండి. పెద్దన్న కూతుర్ని.” తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. సమాధుల మధ్యనుంచి, గోడ పక్కనుంచి, వేపచెట్టు కిందనుంచి వస్తూనే ఉన్నారు. కార్యదర్శిగారు జేబులోంచి కాగితం, కలం తీసి, “పేర్లు చెప్పండమ్మా, రిపోర్టులో వేద్దాం” అన్నాడు. “చెప్పాం కదండీ, మేనకోడళ్లమని” అని ఒకావిడ ఆయన్ని దాటుకుని వెళ్లింది. నా వంతు వచ్చినప్పుడు నేనూ అదే చెప్పాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆయనకి మజ్జిగ గ్లాసు అందించిన మనిషినని గుర్తుపట్టలేదు.

సత్తెనపల్లి పిల్ల కోసం ప్రతి ముఖమూ వెతికాను. లేదు. జీపెక్కిన నాటి ముఖం తప్ప నాకు వేరే గుర్తు లేదు కాబట్టి, ఉన్నా తెలిసేది కాదేమో. లేదనే అనుకుంటున్నాను.

నల్లరేగడి మట్టి, ముందురోజు వానకి తడిసి ఉంది, ఒక పట్టాన వదలదు. గేటు దగ్గర పంపు ఉన్నా ఎవరూ చేతులు కడుక్కోలేదు. ఒకావిడ బస్టాండు వైపు, ఇంకొకావిడ యార్డు వైపు, ఒకావిడ రిక్షా ఎక్కి, ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ఒకరినొకరు పలకరించుకోలేదు, వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఒంగోలు బస్సులో నా పక్కన కూర్చున్నావిడ కుడిచేతి గోళ్లలో నల్లటి మట్టి ఉంది. నేను నా చెయ్యి కొంగు కింద పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.