చప్పట్లు కొట్టని ఇల్లు

ఆ ఇంట్లో దోమలు నిశ్చింతగా బతికేవి.

కారణం గోడలో ఉంది. హాల్లో గడియారం కింద, ప్లాస్టరింగ్ వెనక, అగ్గిపెట్టె అంత పరికరం ఒకటి ఎప్పుడూ చెవులు రిక్కించుకుని ఉంటుంది. ఒక చప్పట వినబడితే దీపం ఆరుతుంది. ఆరి ఉంటే వెలుగుతుంది. వెంటవెంటనే రెండు వినబడితే ఫ్యాను తిరుగుతుంది. తిరుగుతూ ఉంటే ఆగుతుంది. దోమను రెండు చేతుల మధ్య పట్టబోయిన మనిషి మరుక్షణం చీకట్లో ఉంటాడు. దోమకు చీకటితో ఇబ్బంది లేదు.

ఇల్లాలు పిండి చేతులు ఒకదానితో ఒకటి కొట్టి దులుపుకోదు. కొంగుకు తుడుచుకుంటుంది. కూతురు టీవీలో ఆట చూసేటప్పుడు శబ్దం పూర్తిగా తగ్గించేస్తుంది. లేకపోతే మైదానంలో జనం కొట్టే చప్పట్లకు ఇక్కడ హాలు మిణుకుమిణుకుమంటుంది. గెలిచినప్పుడు మోకాళ్ళ మీద గుద్దుకుంటుంది. మామూలు స్విచ్చులు లేవు. వాటిని ఊడబీకి ఆయన వేరే పనులకు వాడేశాడు.

ఆయన్ని వీధిలో అందరూ స్క్రూల మావయ్య అంటారు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు స్క్రూలుంటాయి. ఎక్కడివో ఆయనకే తెలియదు. ఏది విప్పి బిగించినా కొన్ని మిగులుతాయి. అది తన తప్పని ఆయన ఒప్పుకోడు. కంపెనీవాళ్ళు ఎక్కువ పెట్టారంటాడు.

వృత్తి కాటాలు బాగుచేయడం. బజారులో సందు చివర చిన్న కొట్టు. బల్ల మీద ఇత్తడి తూకపురాళ్ళు, పళ్ళేలు, అంకెలు వెలగని కాటాలు. మిఠాయి కొట్టు కాటా విప్పితే లోపల చీమలు సంసారం పెట్టుకుని ఉంటాయి. కూరల కొట్టు కాటాలో తడి మట్టి వాసన. ఒక్కోదాన్ని చెవి దగ్గర పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంటాడు.

"ఏ వస్తువూ చెడిపోదు. అలుగుతుంది. ఎందుకలిగిందో కనుక్కోవాలి, అంతే," అంటాడు.

"మరి నేనలిగితే?" అని ఇల్లాలు ఒకసారి అడిగింది.

"నీకు స్క్రూలెక్కడున్నాయో కనబడవు కదా."

ఆవిడ నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళాక నవ్వింది. అది ఆయనకు వినబడలేదు. ఆయన గోడకు మాత్రమే చెవులు పెట్టాడు.

కొట్టులో తూకం తప్పని మనిషి ఇంట్లో మాత్రం పసిపిల్లాడు. పాలు పొంగితే మోగే గంట చేశాడు. అది పాలు పొంగిపోయాక మోగుతుంది. "పొంగాయన్న సంగతి మాత్రం కచ్చితంగా చెబుతుంది, చూశావా," అని మురిసిపోయాడు. పాత టెలిఫోను గంట తెచ్చి తలుపుకు పెట్టాడు. చుట్టాలొస్తే ఇంట్లోవాళ్ళు ఫోనెత్తి హలో అంటారు. చుట్టాలు గుమ్మంలో నిలబడి ఉంటారు.

సాయంత్రాలు బాల్కనీలో కూర్చుని ఇలాంటివే ఆలోచిస్తాడు. కదలకుండా కూర్చోవడానికి రిమోటు కనిపెట్టారు. దాన్ని వెతకడానికి ఇంటిల్లిపాదీ లేవాలి. ఫోనుకు అన్నీ తెలుసు, తను ఎక్కడుందో తప్ప. జోకూ యంత్రమూ ఒకటే. విప్పి చూపిస్తే మళ్ళీ మునుపట్లా బిగియదు.

కొత్తగా కాపురానికొచ్చినప్పుడు ఇల్లాలు పెరట్లో బట్టలారేస్తూ పాడుకునేది. ఒకరోజు ఆయన అక్కయ్య ఇంట్లో ఉంది. అక్కయ్య నోరు వీధికంతా తెలుసు. ఆ గొంతు వినగానే చిన్నపిల్లలు పుస్తకాలు తీస్తారు. ఆవిడ హాల్లోంచి కేకేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఆ పెరటి తలుపు బందులకు కాస్త నూనె పెట్టరా. ఒకటే కిర్రుమంటోంది."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నూనె డబ్బా తీసుకుని నిజంగానే వెళ్ళి తలుపు బందులకు నూనె పెట్టాడు. అటూ ఇటూ ఆడించి చూసి, "ఇప్పుడు చప్పుడు లేదక్కయ్యా," అన్నాడు.

నిజంగానే లేదు. ఇల్లాలు పాట ఆపేసింది. ఆ ఇంట్లో మళ్ళీ పాడలేదు.

తర్వాత చాలా ఏళ్ళకు పై అంతస్తులోకి సంగీతం టీచరుగారు వచ్చింది. కూతురు కాలేజీకి, ఆయన కొట్టుకు వెళ్ళాక ఇల్లాలు మెట్లెక్కేది. కూరగాయల బుట్ట చేతిలో ఉండేది, ఎవరైనా ఎదురైతే చెప్పుకోవడానికి. కొన్నాళ్ళకు బుట్ట మానేసింది. టీచరుగారి దగ్గర నేర్చుకునేవాళ్ళంతా నెలకొకరి ఇంట్లో కూడతారు. ఆ ఇంటివాళ్ళు పాడతారు, మిగతావాళ్ళు వింటారు. ఈ నెల వంతు ఇల్లాలిది, ఆదివారం సాయంత్రం.

ఆవిడ గోడలకు రంగు వేయించింది. కుర్చీలు తెప్పించింది. వడ్డించేటప్పుడు మాత్రం చెంచా చేతిలో పట్టుకుని మరిచిపోయేది.

"అక్కయ్య వస్తానంది," అన్నాడాయన.

"ఎవరు పిలిచారు?"

"ఎవరూ పిలవలేదు. అందుకే వస్తానంది."

ఇల్లాలు గడియారం కింది గోడను చూసింది. పాట అయ్యాక ఏం జరుగుతుందో ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

"దాన్ని తీసేస్తానోయ్. అరగంట పని."

"మీ అరగంట నాకు తెలుసు. ఫ్రిజ్జుకూ అరగంటే అన్నారు. వేసవంతా బాల్కనీలో నిలబడింది, తలుపు లేకుండా."

"అది బాగా అలిగింది మరి."

"రంగు తడి ఇంకా ఆరలేదు. మీరు గోడ తవ్వారా, నేను మా అన్నయ్య వాళ్ళింటికి పోయి అక్కడ పాడుకుంటాను. ఆదివారం దాకా స్క్రూడ్రైవరు ముట్టుకోకూడదు."

ఊరికే అనలేదు. పనిముట్ల సంచి తీసుకెళ్ళి టీచరుగారికి ఇచ్చింది.

"ఆయన అడిగితే ఇవ్వకండి. బతిమాలినా ఇవ్వకండి. జోకులు చెప్పినా సరే."

"జోకులు చెబితే అసలే ఇవ్వను," అంది టీచరుగారు. ఆవిడ పై అంతస్తులో ఉంటుంది గానీ ఆయన జోకులు అక్కడిదాకా వినబడతాయి.

మర్నాడే ఆయన మెట్లెక్కాడు.

"టీచరుగారూ, ఒక్క టెస్టరు ఇవ్వండి. చెవి దురదగా ఉంది."

తలుపు మూసుకుంది.

కూతురికి ఒక ఉపాయం తోచింది. "దాని చెవులు మూసేద్దాం నాన్నా." తండ్రీకూతుళ్ళు గడియారం తీసి, ఆ మేకుకు బొంత వేలాడదీశారు. దాని మీద ఇంకో బొంత. హాలు చలికాలపు ఆసుపత్రిలా తయారైంది. కూతురు దూరంగా జరిగి ఒక్క చప్పట కొట్టింది.

చీకటి.

"చూశావా!" ఆయన గొంతులో ఆనందం పట్టలేనంత ఉంది. "రెండు బొంతల వెనక నుంచి కూడా విన్నది! ఎంత బాగా చేశానో!"

"నాన్నా, మనం గెలవాలా, అది గెలవాలా?"

ఆయన చీకట్లో కాసేపు ఆలోచించాడు.

చివరికి ఇల్లాలే తేల్చింది. "చప్పట్లు వద్దని ముందే చెప్పేద్దాం. చప్పట్లు నాకెందుకు?"

పొయ్యి వైపు తిరిగి అంది ఆ మాట. ఆయన కాటాల మనిషి. కుదురుగా నిలబడిన ముల్లు కూడా నిలబడేముందు కొంచెం వణుకుతుంది. ఆ 'ఎందుకు' దగ్గర ముల్లు వణికింది. చూశాడు. ఏం చేయాలో తోచలేదు. సంచి చేతిలో లేదు.

అట్ట ముక్క మీద తన గుండ్రటి అక్షరాలతో బోర్డు రాశాడు. 'దయచేసి చప్పట్లు కొట్టరాదు.' బొంతలు తీసేసి, గడియారం మళ్ళీ తగిలించి, దాని కింద వేలాడదీశాడు.

ఆదివారం సాయంత్రం టెలిఫోను గంట మోగింది. కూతురు అలవాటుగా ఫోనెత్తి హలో అంది. గుమ్మంలో టీచరుగారు, ఆవిడ వెనక పాట నేర్చుకునేవాళ్ళు. బోర్డు చదివి అందరూ గొంతులు తగ్గించుకున్నారు. కుర్చీలు జరపకుండా ఎత్తి వేసుకున్నారు. కళ్ళద్దాలాయన ఒకరు పక్కావిడ చెవిలో గుసగుసలాడాడు. "ఎంత నిష్ఠో చూడండి. మన దగ్గరా ఇలా ఉండాలి."

అక్కయ్య అందరికంటే ఆఖరున వచ్చి అందరికంటే ముందు కూర్చుంది. రెండు చేతులకూ మోచేతుల దాకా గాజులు. బోర్డు పైకి చదివింది.

"ఇదేమిటి మరదలా? ఎలాగూ కొట్టరని ముందే బోర్డు పెట్టేశావా?"

"అబ్బే, అది మీ తమ్ముడి యంత్రం కోసం వదినా."

"ఆహా. ఏదో ఒక సాకు."

ఎవరో నవ్వబోయి బోర్డు చూసి మానేశారు. ఇల్లాలు చాప అంచు సరిచేసింది. ఆయన గుమ్మం పక్కన నిలబడి జేబులో స్క్రూలు తిప్పుకుంటున్నాడు. దీపం ఆరకూడదని రాసిన బోర్డు ఇప్పుడు ఇంకేదో చెబుతోంది. రాసింది తనే.

ఇల్లాలు చాప మీద కూర్చుంది. టీచరుగారు శ్రుతి పెట్టింది. మొదటి గమకం దగ్గర గొంతు జారింది. అక్కయ్య కుర్చీలో సర్దుకుంది. ఇల్లాలు ఆగింది. కళ్ళు మూసుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది.

ఈసారి జారలేదు.

ఆ గొంతు పలచనిది. తాడు మీద తడిబట్టలా మొదట బరువుగా ఉంది. తర్వాత గాలికి తేలికయింది. పై స్థాయిలో ఒకచోట ఆవిడ నిలిచింది. చాలాసేపు నిలిచింది. ఫ్యాను తిరగడం కూడా ఎవరికీ వినబడలేదు. కూతురు తల్లిని ఎప్పుడూ చూడనట్టు చూస్తోంది. దిగి వచ్చి, మెల్లగా ముగించి, ఇల్లాలు కళ్ళు తెరిచింది.

నిశ్శబ్దం.

అందరూ బోర్డు వైపు చూశారు. బోర్డు వాళ్ళ చేతులు కట్టేసింది. కొందరు తలలూపారు. కళ్ళద్దాలాయన రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఆడించాడు, వాటిని మళ్ళీ ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎవరో దగ్గు మింగారు. ఒక దోమ హాలు ఈ కొస నుంచి ఆ కొసకు వినబడుతూ వెళ్ళింది.

"అయిపోయిందా?" అంది అక్కయ్య.

ఇల్లాలు నవ్వింది. చుట్టాలకు నవ్వే నవ్వు. "కాఫీలు పెడతాను," అని నేల మీద చెయ్యి ఆన్చి లేవబోయింది.

అప్పుడాయన చప్పట కొట్టాడు.

చీకటి పడింది. కుర్చీలు కిర్రుమన్నాయి. "అయ్యో!" అన్నారెవరో. చీకట్లో ఆయన ఆపలేదు. దీపం వచ్చింది, పోయింది. ఫ్యాను ఆగింది, కదిలింది. వెలుగు వచ్చినప్పుడల్లా ఆయన కనబడుతున్నాడు, చేతులు చాచి, నోరు తెరిచి, జాతరలో తప్పిపోయి దొరికిన పిల్లాడిలా.

"నాన్నా, ఆగండి, నేనూ!" కూతురు అందుకుంది. మోకాళ్ళ మీద కాదు.

తర్వాత అందరూ. ఇందాకటి నుంచి ఒళ్ళో బిగబట్టుకున్న చేతులన్నీ ఒక్కసారి వదులయ్యాయి. గోడలోని పరికరం ఏ చప్పట్లో లెక్కపెట్టుకోలేక వెర్రెత్తిపోయింది. దీపం రెప్పలు కొట్టింది. చీకటిలో నవ్వులు, వెలుగులో తెరిచిన నోళ్ళు, మళ్ళీ చీకటి. టీచరుగారు ఏకంగా తాళం వేస్తోంది. కళ్ళద్దాలాయన నిష్ఠ సంగతి మరిచిపోయి ఈల వేశాడు.

ఆ చీకటిలో గాజులు గలగలమన్నాయి. మోచేతుల దాకా ఉన్న గాజులు. చాలాసేపు, గట్టిగా. అవి ఎవరివో తమ్ముడికి ఒకరు చెప్పాలా? దీపం వచ్చింది. అక్కయ్య కొంగు సర్దుకుంటోంది.

"చేతులు తిమ్మిరెక్కాయి," అంది ఎవరూ అడగకపోయినా.

దీపం పోయింది. గాజులు మోగాయి.

గోడలో టప్పుమంది. కాలిన వాసన వచ్చింది. గడియారం కింద కొత్త రంగు మీద రూపాయి బిళ్ళంత నల్ల మచ్చ పడింది. బోర్డు జారి నేల మీద బోర్లా పడింది. దీపం వెలిగి ఉండిపోయింది, ఫ్యాను తిరుగుతూ ఉండిపోయింది. ఇక ఎంత కొట్టినా ఆరలేదు. ఎవరూ కొట్టడం మానలేదు.

ఇల్లాలు లేవడం సగంలో ఆగిపోయింది. ఒక చెయ్యి నేల మీద, ఒక చెయ్యి నోటికి అడ్డం. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. "ఇంకొకటి పాడాలి," అన్నారెవరో. కాఫీ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆవిడ కూర్చుంది.

ఇంకొకటి పాడింది. తర్వాత మరొకటి.

అందరూ వెళ్ళేటప్పుడు అక్కయ్య చెప్పుల్లో కాలు పెడుతూ ఆగింది. మరదలి వైపు చూడకుండా తమ్ముడితో అంది.

"ఒరేయ్, అప్పుడు ఆ తలుపు బందులకు నూనె బాగానే పెట్టావురా. ఇన్నాళ్ళకు పట్టింది."

"వదినా!" అంది ఇల్లాలు.

"ఏం వదిన? వచ్చే నెల ఎవరింట్లోనో కనుక్కుని చెప్పు. పిలవకపోయినా వస్తాను."

తలుపు మూసి ఇద్దరూ హాల్లో మిగిలారు. కూతురు కుర్చీలు పేరుస్తోంది. దీపం వెలుగుతూనే ఉంది. ఆర్పడానికి స్విచ్చు లేదు.

"రాత్రి ఈ వెలుతురులోనే పడుకోవాలా?" అంది ఇల్లాలు.

ఆయన గోడకు చెవి ఆన్చాడు. "పాపం, కాలిపోయింది."

"అలిగిందా?"

"లేదు. దానికి ఇంత మెచ్చుకోలు అలవాటు లేదు."

ఆవిడ ఈసారి వంటింట్లోకి వెళ్ళకుండా అక్కడే నవ్వింది. ఆయన విన్నాడు. విని, ఏం చేయాలో తెలియక జేబులో స్క్రూలు తీసి లెక్కపెట్టాడు.

"వెళ్ళి టీచరుగారిని అడిగి సంచి తెచ్చుకోండి. మామూలు స్విచ్చు పెట్టండి. నొక్కితే వెలిగేది. నొక్కితే ఆరేది."

"అరగంట పని."

"ఆ మాట అనకండి."

ఆయన రెండేసి మెట్లు ఎక్కుతుంటే కింద హాల్లోంచి 'చట్' మని ఒక్క చప్పుడు వినబడింది. అలవాటు కొద్దీ ఆగి వెనక్కి చూశాడు. తలుపు సందులోంచి వెలుతురు అలాగే ఉంది.

"దోమ పడింది నాన్నా!" కూతురు కేకేసింది. "అమ్మ కొట్టింది!"