కాశీలో వదిలిన ఎముకల చారు

అమ్మ అస్థికలు గంగలో కలిపాక, ఇష్టమైనది ఏదైనా ఒకటి ఇక్కడే వదిలి వెళ్ళాలని కాశీలో పురోహితుడు చెప్పాడు. పండో, కూరగాయో, ఏదైనా సరే, ఈ జన్మలో మళ్ళీ ముట్టకూడదు. అక్క కాఫీ వదిలింది. నేను పంది మాంసం వదిలాను.

పురోహితుడు నా మొహం ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా మంత్రం అందుకున్నాడు. ఆయన ఎదుట ఆ మాట ఎత్తినవాడు అంతకుముందు ఉండి ఉండడు. అక్క మాత్రం ఊరుకోలేదు. మెట్లెక్కుతూ పట్టుకుంది.

"నువ్వు పంది తిని ఎన్నేళ్ళయినాదిరా? తిననిదాన్ని వదలడమేటి?"

అన్నది నిజమే. మా ఆవిడది తమిళ కుటుంబం, పుట్టు శాకాహారి. మలయ్ దేశంలో, బంటింగ్‌లో మా ఇంట్లో కోడిగుడ్డుకే వేరే గిన్నె, ఇక పంది సంగతి చెప్పక్కర్లేదు. పోర్ట్ క్లాంగ్ రేవు గోదాములో పనిచేసినన్నాళ్ళూ మధ్యాహ్నం తిన్నది ఆవిడ కట్టిచ్చిన క్యారేజీయే. నేను తిన్న పంది అంతా చిన్నప్పుడు రబ్బరు ఎస్టేటులో, అమ్మ చేతిది. ఎస్టేటు వాళ్ళు అమ్మేశాక, మేం టౌనుకి వచ్చాక అమ్మ అది మళ్ళీ వండలేదు. ఇప్పుడు అమ్మే లేదు. కాబట్టి నాకు నొప్పి తగలనిది చూసి మరీ వదిలాను. అంత తెలివి నాది.

అక్కది అలా కాదు. రోజుకు రెండుసార్లు అమ్మా తనూ ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగేవాళ్ళు. తిరుగు విమానంలోనే తలనొప్పి మొదలైంది. నెల రోజులు తలకు గుడ్డ కట్టుకుని తిరిగింది. ఇప్పుడు ఆ వేళకు అదే గ్లాసులో వేడినీళ్ళు పోసుకుని తాగుతుంది. చూసినప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది, కాసేపటికి మరిచిపోతాను.

ఏడాది దాటాక అక్క కూతురు మా ఇద్దరినీ పెనాంగ్ తీసుకెళ్ళింది. ఆ పిల్లకి సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కంపెనీ పని మీద వెళ్తూ, వాళ్ళమ్మకి ఊరు చూపించినట్టూ ఉంటుందని కారెక్కించింది. నన్ను సామాన్లు మొయ్యడానికి అనుకుంటాను. పొద్దుట్నుంచీ గుళ్ళూ, పాత వీధులూ, గోడల మీద బొమ్మలూ తిరిగి మధ్యాహ్నానికి కాళ్ళు పీకేస్తుంటే, ఫోనులో చూసి ఒక జపాన్ హోటలుకి నడిపించింది. రామెన్ అంటే నూడుల్సే కదా, కోడిదో చేపదో ఉంటుందిలే అనుకుని వెనకే వెళ్ళాను.

తలుపు తీయగానే వాసన తగిలింది. నేను అక్కడే ఆగిపోయాను.

ఎస్టేటులో ఆదివారం పొద్దున పంది మాంసం అమ్మే చీనా ఆయన మోటార్‌సైకిల్ మీద వచ్చేవాడు. మాంసం కొనే ఇళ్ళు వేరు, ఎముకలు కొనే ఇళ్ళు వేరు. మాది రెండో రకం. దేవుడి పటాలున్న వంటింట్లోకి ఆ ఎముకలు రాకూడదు. పెరట్లో మూడు రాళ్ళ మీద, దానికని విడిగా ఉంచిన కుండలో, రబ్బరు కట్టెల మంట మీద అమ్మ ఉడికించేది. నీళ్ళు పాలలా తెల్లబడేదాకా దించేది కాదు. చివర్లో మిరియాలు, వెల్లుల్లి. మూలుగున్న ఎముకలు మగపిల్లాడినని నా కంచంలో పడేవి, చారు అక్క గిన్నెలో పోసేది. అక్క గిన్నె ఖాళీ చేసి చూపిస్తేనే రెండోసారి వడ్డన. నా ఎముకల్లో ఒక్కటి కూడా నేను అక్కకి ఇచ్చినట్టు గుర్తు లేదు.

పంది లేనిది ఏముందని అడిగాను. ఆ హోటల్లో అన్నీ పంది ఎముకల చారుతోనేనట. ఏప్రన్ కట్టుకున్న నడివయసు మనిషి మలయ్‌లో ఓపిగ్గా చెప్పాడు. నాకు కావాలంటే తెల్లన్నం, సోయా తోఫు, దోసకాయ ముక్కలు తెస్తానన్నాడు. మేనకోడలికి కాశీ సంగతి అప్పుడు చెప్పాల్సి వచ్చింది.

"అయ్యో మావా, ముందే చెప్పాలి కదా. వేరే షాప్ పోదాం," అంది.

"కూకో. మీ అమ్మ కాళ్ళు నొప్పులంటంది," అన్నాను. నిజానికి నాకే లేవబుద్ధి కాలేదు.

గిన్నెలు వచ్చాయి. చారు తెల్లగా చిక్కగా, పైన నూనె చుక్కలు తేలుతూ, అమ్మ కుండలో ఉన్నట్టే ఉంది. నా నోట్లో నీళ్ళూరాయి, కళ్ళల్లోనూ తిరిగాయి. అరవై దగ్గర పడిన మనిషిని, తోఫు ముందు పెట్టుకుని ఏడుపు ఆపుకుంటున్నాను. అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు, ఏర్పాట్లు చూడ్డంతోనే సరిపోయింది. ఆ రుచి ఇంకొక్కసారి నాలిక మీద పడితే చాలనిపించింది. ఒక్క చెంచా.

"ఒక్క స్పూన్ మావా. అమ్మమ్మ ఏటీ అనదు," అంది మేనకోడలు నా మొహం చూసి.

చెంచా అందుకున్నాను. చెయ్యి అక్క గిన్నె దాకా వెళ్ళింది కూడా. అక్క గిన్నెను చటుక్కున తన వైపు లాక్కుంది. తను ఒక చెంచా తాగి పెదవి విరిచింది.

"ఏటీ నేదురా. ఉత్తి ఉప్పునీల్లు. అమ్మ సేసినట్టు ఏటీ నేదు. నీ అన్నం నువ్వు తిను."

గుండె మీంచి బరువు దిగినట్టయింది. జపాన్ వాళ్ళకి మన మిరియాల సంగతి ఏం తెలుస్తుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. తల వంచుకుని తోఫుతో అన్నం తిన్నాను. పక్కకి చూడలేదు.

కాసేపటికి అక్క ఇంకొంచెం నూడుల్స్ కావాలంది. అడిగితే ఉత్త నూడుల్స్ విడిగా తెస్తారని గోడ మీద బొమ్మ వేసి ఉంది. ఆ ఏప్రన్ మనిషి చిన్న పళ్ళెంలో పట్టుకొచ్చి, అక్క గిన్నెలో వెయ్యబోయి ఆగిపోయాడు.

"చారు మిగుల్చుకోవాలి ఆంటీ. ఇవి అందులోనే వేసుకోవాలి. మీరు మొత్తం తాగేశారే," అన్నాడు నవ్వుతూ.

తలెత్తి చూశాను. గిన్నె అడుగు మెరుస్తోంది, చుక్క లేదు. అమ్మ దగ్గర చూపించినట్టే, ఖాళీ గిన్నె ముందుకు జరిపి కూర్చుంది అక్క. ఆయన కొంచెం చారు తెచ్చి పోస్తానని లోపలికి వెళ్ళాడు. అక్క టిష్యూ కాగితంతో మూతి తుడుచుకుంది, నా వైపు మాత్రం చూడలేదు.

"ఉప్పునీల్లన్నావు," అన్నాను.

అక్క టిష్యూ కాగితాన్ని మడిచి గిన్నె పక్కన పెట్టింది.

"అదేరా," అంది చివరికి. "అచ్చం అదే. మిరియాలతో సహా."

నాకు కోపం రాలేదు. ఆయన వచ్చి చారు పోశాడు. ఆవిరి నా మొహానికి తగిలింది. నా చేతి దగ్గరున్న చెంచాని అక్క గిన్నె పక్కకి జరిపి, "తాగక్కా," అన్నాను. కాశీలో నేను పంది మాంసం వదిలి అప్పటికి ఏడాది దాటింది. నిజంగా వదిలింది మాత్రం ఆ మధ్యాహ్నం, పెనాంగ్‌లో.