ఆది రవిక

బొబ్బిలిలో వీణ పాఠాలు చెప్పే రాజ్యలక్ష్మికి 1967లో, నలభై దాటాక, ఎడమ రొమ్ము తీసేశారు. కేన్సరు. ప్రాణానికి ఢోకా లేదన్నాడు విశాఖపట్నం డాక్టరు. రవిక సంగతి ఆయన ఎత్తలేదు.

ఎత్తింది ఆడబడుచు సుభద్రమ్మ. "పిల్లలు పాలు మానేసి ఎన్నేళ్ళయింది! ఇంకా దాంతో ఏం పని వదినా?" రెండూ ఉన్నచోటే ఉన్నవాళ్ళకి వేదాంతం సులువుగా వస్తుంది.

రాజ్యలక్ష్మి బూరుగు దూదితో చిన్న సంచీ కుట్టుకుంది. తేలిక, కాసేపటికే మెడ వేపు ఎక్కేది. చోళ్ళు, అదే రాగులు, పోసి చూసింది. బరువు కుదిరింది గాని నడుం వేపు జారేది. చివరికి దూదీ చోళ్ళూ కలిపింది. అద్దం ముందు నిలబడి చోటు చూసుకుని, రవిక లోపల జేబు కుట్టి అందులో పెట్టింది. నిలబడితే బాగానే ఉంది. వీణ మాత్రం నిలబడి వాయించరు.

దర్జీ అప్పలసూరికి కొలత కోసం ఇంకా ఆపరేషనుకి ముందటి ఆది రవికే పంపేది. "ఆది పెకారమే కుట్టేనమ్మా. ఎడమేపు వొదులైపోనాదేటి? సిక్కిపోనారేటి?" అని, బిగించమని ఆమె తిరిగి తెచ్చిన రవిక పట్టుకుని వీధంతా వినేలా అడిగేడు.

"అవును, చిక్కేను."

దసరాకి కోవెల్లో ఏటా ఆమె కచేరీ. ఆ సాయంత్రం కల్యాణి ఎత్తుకుంది. వీణ మీద పై స్థాయి మెట్లు ఒంటికి దగ్గరగా ఉంటాయి. ఎడమ చెయ్యి అక్కడికొచ్చేసరికి సంచీని నెట్టింది. సంచీ మధ్యకి జరిగింది. ముందు వరసలో సుభద్రమ్మ చూపు అక్కడే ఆగింది. రాజ్యలక్ష్మి పైట సర్దుతున్నట్టు సంచీ సర్దుకుని, చేతిని దూరపు మెట్ల మీదికి తీసుకుపోయింది. మరి పైకి రాలేదు. కల్యాణి అంతా కింది స్థాయిలోనే తిప్పి ముగించింది.

ధర్మకర్త పొంగిపోయాడు. "ఏం గాంభీర్యం తల్లీ! జబ్బు మనిషిని పండించింది. భగవంతుడు ఏం చేసినా మన మంచికే!"

ఆమె నమస్కారం పెట్టింది. ఇంటికొచ్చాక ఆ మెచ్చుకోలే గుచ్చుకుంది. ఇక సగం వీణతోనే బతకాలా?

మర్నాడు అప్పలసూరితో పాటు మిషను కుట్టే అతని పెళ్ళాం తాతమ్మని పిలిపించింది. తలుపు గడియ వేసి, రవిక విప్పి, వీణ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తాతమ్మ తలుపు గడియ ఇంకోసారి చూసి వచ్చింది. "అయ్యో తల్లీ, ఇన్నాళ్ళూ సెప్పలేదేటి? అమ్మగారు సిక్కిపోనారని ఊరంతా సెప్పుకొచ్చినాడు ఆడు, ఎదవ!"

"తరవాత తిడుదువుగాని. ఇలా కూర్చున్నప్పుడే కొలత తియ్యి. రెండు పక్కలకీ వేరువేరుగా."

పాత ఆది రవిక వంటింట్లో మసిగుడ్డ అయింది.

కొత్త రవికతో పై షడ్జం దాకా వెళ్ళగలిగింది. ఆ పైన గాంధారం దగ్గర సంచీ ఇంకా కదులుతూనే ఉంది. తాతమ్మ జేబు కుట్లు మళ్ళీ విప్పింది.